అందరికీ ఒకటే రహస్యం

పోయిన వారం దయానంద్‌ని పాకాల పాసింజరులో కిటికీ పక్కన కూర్చోబెట్టి వదిలేశాం. బండి ఇప్పుడు పాకాల చేరింది. ఆదివారం, పొద్దున పదకొండు దాటింది. చిత్తూరులో పనుందని భార్య నందినికి అబద్ధం చెప్పి వచ్చాడు. అబద్ధం ఎందుకు చెప్పాడో దారి పొడుగునా ఆలోచించినా అతనికే అంతుబట్టలేదు.

అతని మెదడులో నలుగుతున్నది ఒకటే విషయం. రేపు పదిగంటలకు తిరుపతిలోని పెద్దాఫీసులో విచారణ. ముద్దాయి ప్రసన్నకుమారి, దయానంద్ కంప్యూటర్లు చూసుకునే తిరుపతి ఆసుపత్రికి చెందిన పాకాల క్లినిక్‌లో పద్నాలుగేళ్ళుగా నర్సు. నవంబరు పద్నాలుగో తేదీ, బుధవారం, సాయంత్రం నాలుగూ పదకొండుకు ఆమె పేరుతో ఒక రోగి ఫైలు తెరుచుకుంది. రోగి మునస్వామి. స్టేషను ఎదురుగా టీ అంగడి నడిపేవాడు. ఆయనకు హెచ్‌ఐవి ఉన్న సంగతి ఆ ఫైల్లో తప్ప ఇంకెక్కడా లేదు. వారం తిరక్కుండానే పాకాలంతా తెలిసిపోయింది. ఆయన చేతి గ్లాసు ముట్టేవాడు లేకపోయాడు. పన్నెండు రోజులు పాలు కాచి, కాచిన పాలు సాయంత్రం కాలవలో పోసి, పదమూడో రోజు పురుగుల మందు తాగాడు.

ఫైలు తెరిచింది ప్రసన్నకుమారి అని చెప్పింది మనిషి కాదు. దయానంద్ పెట్టిన యంత్రం.

స్టేషను బయటికి రాగానే అంగడి కనిపించింది. రేకు తలుపు మూసి ఉంది. తలుపు మీద సుద్దతో ఎవరో ఏదో రాస్తే, ఇంకెవరో తడిగుడ్డతో తుడిచినట్టున్నారు. తుడిచిన చోటు మిగతా తలుపు కంటే శుభ్రంగా ఉంది. దయానంద్ అక్కడ ఒక్క నిమిషం నిలబడ్డాడు. జాలి పుట్టాలని ఎదురుచూశాడు. పుట్టలేదు. బదులుగా, యంత్రం తప్పు చెప్పదు కదా అన్న మాట నాలుక మీదికి వచ్చింది. ఇరవై రోజులుగా అతనికి జ్వరం మాత్ర లాగా పనిచేస్తున్న మాట అది. ఇవాళ చేదుగా తగిలింది.

క్లినిక్ తలుపు తీసే ఉంది. ప్రసన్నకుమారి చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, తెల్లచీర, చేతిలో బైబిలు సంచి. నలభై అయిదేళ్ళ మనిషి. ఎప్పుడు చూసినా ఏదో ఒకటి తుడుస్తూ ఉంటుంది. ఇప్పుడు ఇంజక్షను ట్రే తుడుస్తోంది.

"రాండి సార్. మీరు వస్తారని నిన్ననే అనుకున్నా."

"ఎట్లా అనుకున్నావు సిస్టర్?"

"రాకుండా ఎట్లుంటారు?" అంది ఆమె. కుర్చీ తుడిచి వేసింది. "నీళ్ళు తాగతారా? టీ అంటే మాత్రం ఈడ యాడా లేదు ఇప్పుడు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో అతనికి తెలియలేదు. మనుషుల గొంతుల్లో ఏముందో పట్టుకోలేకనే అతను యంత్రాల వైపు జరిగాడు. చిన్నప్పటి నుంచీ అంతే. ఎదుటివాడు నవ్వితే ఎందుకు నవ్వాడోనని రెండు రోజులు ఆలోచించే పిల్లాడు పెద్దయి, అవుననో కాదనో తప్ప మూడో మాట చెప్పని పెట్టెల మధ్య ఒక చల్లటి గది సంపాదించుకున్నాడు. ఆ గదిలో అతన్ని ఎవరూ అపార్థం చేసుకోలేదు. అతనూ ఎవరినీ అర్థం చేసుకోవలసిన పని పడలేదు.

"సిస్టర్, ఒకటే మాట అడగతా. ఆ బుధవారం నీ బిళ్ళ యాడుండాది?"

బిళ్ళ అంటే తాళాల గుత్తికి తగిలించుకునే చిన్న యంత్రం. దాని మీద నిమిషానికొకసారి ఆరంకెలు మారుతుంటాయి. బయటి క్లినిక్కుల నుంచి ఆసుపత్రి ఫైళ్ళు చూడాలంటే ముందు ఒక గేటు దాటాలి. గేటుకు రెండు తాళాలు. ఒకటి ఎవరి మనసులో వాళ్ళు దాచుకునే నాలుగంకెల రహస్యం. రెండోది అప్పటికప్పుడు బిళ్ళ మీద కనిపించే ఆరంకెలు. రెండూ కలిస్తేనే మనిషి లోపలికి పోతాడు. ఒకటి దొంగిలించినా రెండోది ఉండదు కాబట్టి ఇంక భయం లేదని జూన్ నెలలో దయానంద్ అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. అందరూ శ్రద్ధగా విన్నారు.

ప్రసన్నకుమారి మెడలోని నల్లతాడు పైకి లాగింది. తాడుకు సిలువ, సిలువ పక్కనే బిళ్ళ.

"ఈడనే. మీరు ఇచ్చిన దినం నుంచి ఈడనే. నీళ్ళు పోసుకొనేటప్పుడు కూడా చెంబులో పెట్టి మూత పెడతా."

దయానంద్ కళ్ళు మూసుకున్నాడు. ఎక్కడో పడేశానని చెప్పి ఉంటే బాగుండేది. ఎవరో తీసుకుపోయారని అబద్ధమైనా ఆడి ఉంటే దాని చాటున ఇద్దరికీ చోటుండేది. ఈమె నిజం చెప్పి తనకు తానే ఉరి బిగించుకుంటోంది.

"నీ నంబరు ఎవరికైనా చెప్పినావా?"

"ఓబయ్యకు కూడా చెప్పలా. కట్టుకున్నోడికి చెప్పకూడని మాట ఏముంటాది అని వారం మాట్లాడలా ఆ మనిషి. అయినా చెప్పలా."

"మార్చినావా దాన్ని? నేను ఇచ్చిన చీటీలో ఉన్న నంబరు, తరవాత మీకు మీరే మార్చుకోండని చెప్పినాను కదా."

ఆమె కొంచెం నొచ్చుకున్నట్టు చూసింది. "మీ చేత్తో రాసి ఇచ్చినారు. నాకని ఇచ్చినారు. దాన్నెందుకు మారుస్తాను సార్?"

అతను గోడ వంక చూశాడు. గోడ మీద పల్స్ పోలియో పోస్టరు. అందులో పిల్ల నవ్వుతోంది.

జూన్ నెలాఖరు శుక్రవారం అది. గేటు ప్రారంభించే రోజు. పద్నాలుగు బిళ్ళలతో మద్రాసు నుంచి రావలసిన పార్శిలు తొమ్మిదీ నలభై అయిదుకు వచ్చింది. పదిన్నరకు రాహుకాలం. ఆసుపత్రి పాలనాధికారి ఏకాంబరం కొబ్బరికాయ చేతిలో పట్టుకుని కంప్యూటరు గది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమప్పా దయానందూ, రాహుకాలం నీ యంత్రం కోసరం ఆగుతుందా?"

"సార్, ఒక్కొక్కరూ వచ్చి వాళ్ళ నంబరు వాళ్ళే పెట్టుకోవాల. మనిషికి అయిదు నిమిషాలు పడతాది."

"పద్నాలుగు అయిదులు ఎంతప్పా? లెక్కలు నాకొచ్చు. నువ్వే పెట్టేయి. అమ్మాయికి పేరు పెట్టేది నాయనే కదా, పుట్టిన బిడ్డ వచ్చి నాకు ఈ పేరు కావాలని అడగతాదా? కానీ, కానీ."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. దయానంద్ కూడా నవ్వాడు. పద్నాలుగు సార్లు నాలుగంకెలు కొట్టాలి, వేరువేరుగా ఆలోచించే తీరిక లేదు. వేళ్ళకు ముందుగా తట్టిన సంఖ్య కొట్టాడు. అతని పెళ్ళి తేదీ. ఇరవై మూడు, సున్నా రెండు. పద్నాలుగు సార్లూ అదే. పదీ ఇరవై ఎనిమిదికి కొబ్బరికాయ పగిలింది. తరవాత పద్నాలుగు చీటీల మీద అదే సంఖ్య రాసి, మడిచి, ఒక్కొక్కరి చేతిలో పెట్టాడు. ఎవరికీ చెప్పవద్దన్నాడు. ఎవరూ చెప్పలేదు. పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఒకే సంఖ్యను ఆరు నెలలుగా ఒకరి నుంచి ఒకరు భద్రంగా దాస్తున్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నందినికి చెప్పి నవ్వాడు. "మన పెండ్లి దినం ఇప్పుడు ఆసుపత్రి మొత్తానికీ తాళం." ఆమె కూడా నవ్వింది. తాను ఆమెను నవ్వించగలిగిన కొద్ది సందర్భాల్లో అది ఒకటి కాబట్టి అతనికి బాగా గుర్తుంది.

తరవాత ఒక కాగితం మీద సంతకం చేశాడు. ప్రతి ఉద్యోగీ తన రహస్య సంఖ్యను తానే స్వయంగా నిర్ణయించుకున్నాడని. రేపు విచారణలో ఏకాంబరం బల్ల మీద ఉండబోయే మొదటి కాగితం అదే.

"అయినా బిళ్ళ నీ మెడలోనే ఉంటే..." అన్నాడు దయానంద్. "నంబరు తెలిసినా లాభం లేదు సిస్టర్. ఆ నిమిషం బిళ్ళ మీద ఉన్న ఆరంకెలు కావాల. అవి నీకు తప్ప ఎవరికీ కనపడవు."

"కనపడవు సార్. వినపడతాయి."

"అంటే?"

ప్రసన్నకుమారి ట్రే పక్కన పెట్టింది. చాలా సేపటి నుంచి ఈ ఘడియ కోసమే తుడుస్తూ కూర్చున్నట్టు లేచి, మందుల బీరువా కింది అర లాగి, నీలం అట్ట పుస్తకం ఒకటి తీసింది.

"మీరే కదా సార్ నేర్పించినారు. జూలైలో, ఆగస్టులో, బిళ్ళలోని గడియారం ముందుకు పోతాండాది, సరిచేయాల అని ఫోను చేస్తాంటిరి. సిస్టర్, ఇప్పుడేముంది చదువు, ఆగి ఇంకొకటి చదువు అనేవాళ్ళు. ఆఫీసు నుంచి ఎవరు అడిగినా చదివేయండి, అడిగించేది నేనే అని కూడా అన్నారు. అన్నారా లేదా?"

అన్నాడు. పద్నాలుగు మందికీ ఇదే మాట అన్నాడు. వేడికి బిళ్ళల్లో గడియారాలు దారి తప్పితే, వాటిని మళ్ళీ దారికి తేవడానికి వరసగా రెండు సార్లు అంకెలు కావాలి. పాకాలకు, శ్రీకాళహస్తికి, ఏర్పేడుకు తిరిగే ఓపిక లేక ఫోన్లో చదివించుకున్నాడు. సెప్టెంబరు నుంచి అవసరం పడలేదు. ఇంక చదవవద్దని చెప్పడం మాత్రం మరిచిపోయాడు. మరిచిపోయాడా? అడగకపోతే ఎవరు చదువుతారులే అనుకున్నాడు. ఆ రెంటికీ తేడా ఏమిటో ఇప్పుడు తేల్చుకోలేకపోయాడు.

"ఆ బుధవారం ఫోను వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది."

"మరి ఇన్ని దినాలు ఎందుకు చెప్పలా? పనిలో నుంచి తీసేస్తామంటాండారు, పోలీసుల మాట కూడా వచ్చింది. నోరు మూసుకొని కూర్చుంటారా ఎవరైనా?"

అతని గొంతు పెరిగింది. కోపం వచ్చినందుకు లోపల హాయిగా కూడా అనిపించింది. ఆమె మాత్రం తగ్గు గొంతుతోనే అంది.

"మీరు చెప్తారని ఎదురుచూసినా సార్."

"నేనేం చెప్పాల?"

"చూడండి." పుస్తకం తెరిచింది. క్లినిక్కుకు వచ్చే ప్రతి ఫోనూ ఆమె రాసిపెడుతుంది. రోగులు మాట మారుస్తారని, డాక్టర్లు చెప్పింది మరిచిపోతారని మొదలుపెట్టిన అలవాటు. తేదీ, టైము, ఎవరు, ఏమన్నారు. నంబరు కనపడే కొత్త ఫోను వచ్చినప్పటి నుంచి నంబరు కూడా. గుండ్రటి అక్షరాలు, వంకర లేని వరసలు. ఆమె వేలు ఒక వరస దగ్గర ఆగింది.

నవంబరు 14. నాలుగూ పది. ఆఫీసు. దయానంద్ సార్ బిళ్ళ నంబరు అడగమన్నారంట. చదివినాను.

పక్కన ఫోను నంబరు.

దయానంద్ ఆ నంబరును చూశాడు. ఏదో తెలిసిన సంఖ్యలాగా అనిపించింది. అంకెలతో బతికే మనిషి, పద్నాలుగు క్లినిక్ యంత్రాల సంఖ్యలు నిద్రలో చెప్పగలవాడు, ఆ నంబరు ఎవరిదో ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. మనం మన ఇంటికి ఫోను చేసుకోం కదా. చివర రెండు తొమ్మిదులు. ఆ తొమ్మిదుల దగ్గర అతని చూపు ఇరుక్కుపోయింది.

"ఓబయ్య డైరెక్టరీలో చూసినాడు," అంది ప్రసన్నకుమారి. "మీ పేరు మీద ఉండాది. మాట్లాడిన గొంతు నాకు తెలిసిందే. రోజూ ఆఫీసుకు ఫోను చేస్తే కలిపిచ్చేది ఆమే కదా, ఇది కూడా నీలం పుస్తకంలో రాసుకుంటావా అని ఆట పట్టిస్తాది. మేడం, రెండు గంటలకే మీ డ్యూటీ అయిపోతాది కదా, ఇంకా ఇంటికి పోలేదా అన్నా. మీ సారు ఇడిస్తే కదా పోయేది అని నవ్వింది."

నందిని ఆసుపత్రిలో టెలిఫోను ఆపరేటరు. ఆమె నవ్వు దయానంద్ చెవిలో స్పష్టంగా వినిపించింది. ఇంట్లో అతని కంప్యూటరు ముందు, అతని కుర్చీలో కూర్చుని, భుజానికీ చెవికీ మధ్య ఫోను పెట్టుకుని, ఆరంకెలు రాసుకుంటూ నవ్వే నవ్వు. మొదటి నాలుగూ ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఆమె పెళ్ళి తేదీ అది.

"మీరే అడిగించినారు అనుకున్నా," అంది ప్రసన్నకుమారి. "ఏదో కారణం ఉంటాది, మీరే వచ్చి పెద్దసార్ ముందర చెప్తారు అనుకున్నా. మీ పేరు మా నోట రాకూడదని ఓబయ్యతో ఒట్టు ఏయించుకున్నా. మీరు మంచోళ్ళు సార్. మా బిడ్డకు జ్వరమొస్తే మీ బండిలో తిరుపతికి తీసకపోయినారు. అదంతా మరిచిపోయే మనిషిని కాను."

అతనికి ఆ జ్వరం గుర్తులేదు. ఆ బిడ్డ మొహం కూడా గుర్తులేదు. తనకు లేని మంచితనం ఒకటి ఈమె దగ్గర ఇన్నాళ్ళూ భద్రంగా ఉంది, మెడలో బిళ్ళ లాగా.

"ఆమెకెందుకు మునస్వామి ఫైలు?" అన్నాడు. అడిగింది తననే.

"అది నాకు తెలీదు. తెలిసిందొకటి చెప్తా. ఊర్లో మాట పుట్టక ముందే మునస్వామి కొడుకు ధర్మేంద్రకు పెండ్లి సంబంధం తప్పిపోయింది. రైల్వేలో పనిచేసే పిల్లోడు. తిరుపతి వాళ్ళు మాటలన్నీ అయిపోయినాక, ఆ బుధవారం అయినాక రెండో దినం, శుక్రవారం, జాతకాలు కలవలేదని కబురు పంపినారు. ఈడ పెద్దోళ్ళు ఊరుకుంటారా? ఎందుకు ఎందుకు అని పోరి అడిగితే, ఆడపిల్ల మేనమామ చెప్పేసినాడంట. అట్ల వచ్చింది మాట పాకాలకు. ధర్మేంద్ర ఫైల్లో ఏమీ లేదు సార్. వాడు గట్టి పిల్లోడు. జబ్బు నాయనది."

దయానంద్‌కు అప్పుడు గుర్తొచ్చింది. నందిని చెల్లెలికి ఒక సంబంధం అనుకున్నారు. అక్టోబరులో. పాకాల అబ్బాయి అన్నారు, రైల్వే అన్నారు. రెండుసార్లు భోజనాల దగ్గర ఆ మాట నడిచింది. అబ్బాయి పేరేమిటని అతను అడగలేదు. తరవాత ఒకరోజు, జాతకాలు కలవలేదంట, వద్దనుకున్నాం అంది నందిని. సరేలే అన్నాడు. ఆ సమయంలో అతను గేటు చిట్టా చదువుకుంటున్నాడు. ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో, ఎప్పుడు బయటికి పోయారో. అందరి రాకపోకలూ చూసే మనిషి, తన ఇంట్లోకి ఏం వచ్చిందో, ఏం పోయిందో చూడలేదు.

ఆమెను దొంగ అనడానికి నోరు రాలేదు. చెల్లెలి కోసం భయపడింది. భయపడినవాళ్ళు అందుబాటులో ఉన్న తలుపు తోస్తారు. తలుపు తీసి పెట్టిందీ, తాళంచెవి నవ్వుతూ చేతికిచ్చిందీ తనే. ఆ తరవాత కాలవలో పాలు పోసిన మనిషి మాత్రం ఎవరి భయంలోనూ లేడు.

ప్రసన్నకుమారి పుస్తకం మూసింది. కొంతసేపు దాన్ని రెండు చేతులతో పట్టుకుని, అతని ఒళ్ళో పెట్టింది.

"ఇది మీ తావే ఉండనీయండి."

"నాకెందుకు సిస్టర్? నీకుండేది ఇదొకటే కదా."

"ఇదొకటే. అందుకే మీకిస్తాండా. నేను తీసకపోయి బల్ల మీద పెడితే, తప్పించుకునేదానికి రాసుకొచ్చిందంటారు. ఇంకో మనిషి ఇంటి ఆడమనిషిని బజారుకీడ్చిందంటారు. మీరు పెడితే నమ్మతారు." ఆమె ముక్కు చీది, చీర కొంగుతో తుడుచుకుంది. "మీరు పెట్టకపోతే, సరే. ఎల్లుండి నుంచి నాకు పని లేదు. ఓబయ్యది పని చేయగలిగే ఒళ్ళు కాదని మీకు తెలుసు. తెలిసే ఇస్తాండా. బలవంతం చేస్తానని అనుకోవద్దు."

అంతకంటే పెద్ద బలవంతం అతను ఎన్నడూ ఎరగడు. కేకలేసి ఉంటే, శాపనార్థాలు పెట్టి ఉంటే, తలుపు ధడాలున వేసుకుని బయటపడే దారి ఉండేది. నమ్మకం చేతిలో పెట్టి నిలబడిన మనిషి ముందు నుంచి ఎటు పోవాలో ఏ చిట్టాలోనూ రాసి లేదు.

తిరుగు బండిలో పుస్తకాన్ని సంచిలో టిఫిను డబ్బా కింద పెట్టాడు. తరవాత తీసి చొక్కా లోపల పెట్టుకున్నాడు. మళ్ళీ సంచిలోకి మార్చాడు. బండి ఒక చిన్న ఏరు మీద పోతున్నప్పుడు కిటికీలోంచి చెయ్యి బయటికి చాపాడు. చేతిలో ఏమీ లేదు. ఊరికే, ఎంత సులభంగా పడిపోతుందో చూద్దామని. తాను ఇంత దూరం వచ్చింది ప్రసన్నకుమారిని కాపాడడానికి కాదని అప్పుడు తెలిసింది. ఆమె నోటితో అవును నేనే తెరిచానని విని, హాయిగా తిరిగి పోవడానికి వచ్చాడు. ఆ మాట దొరకలేదు. ఇంక జీవితంలో దొరకదు.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. నందిని వరండాలో ముందర జల్లెడ పెట్టుకుని, నానిన అనపకాయ గింజలు పితుకుతోంది. రేపటి పితికిపప్పుకు. వేలితో నొక్కగానే తొక్క చేతిలో మిగిలి, పప్పు గిన్నెలో టప్పుమని పడుతోంది. ఆ చప్పుడు అతనికి ఇష్టం. ప్రతి చలికాలం ఆ చప్పుడు వింటూ పేపరు చదివేవాడు.

"చిత్తూరులో పని అయిపోయిందా?" అంది తల ఎత్తకుండా.

"అయిపోయింది."

"అన్నం తింటారా, ఇంకా ఆగతారా?"

"ఆకలి లేదు."

చెప్పులు విడిచి, సంచి భుజం మీదనే ఉంచుకుని లోపలికి నడిచాడు. గదిలో కంప్యూటరు మీద ఎప్పటిలాగే గుడ్డ కప్పి ఉంది. ఆ గుడ్డ కుట్టింది నందినే. అంచుకు చిన్న చిన్న నీలం పూలు. అతను ఆ పూలు ఇంతవరకూ చూడలేదు. లెక్కపెట్టాడు. పద్నాలుగు. మళ్ళీ లెక్కపెట్టాడు. పదిహేను. అంకెలు కూడా అతన్ని వదిలేస్తున్నాయి.

బయట పప్పు పడే చప్పుడు ఆగింది.

అతను వెనక్కి తిరిగాడు. నందిని గుమ్మంలో నిలబడి ఉంది. వేళ్ళకు పచ్చటి తొక్కలు అంటుకుని ఉన్నాయి. మొహంలో కోపం లేదు, భయం లేదు. చాలా రోజులుగా నిద్ర లేని మనిషి మొహం అది. ఆ నిద్ర లేనితనాన్ని కూడా అతను ఇప్పుడే చూశాడు.

"ప్రసన్నమ్మ ఆ నీలం పుస్తకం మీకిచ్చిందా," అంది, తడి చెయ్యి ముందుకు చాపి, "ఇంకా ఆమె తావే ఉండాదా?"